చదవకముందే తీర్పు: విమర్శ విద్యార్థి నైతిక బాధ్యతపై 'రాధికాసాంత్వనం' ఆధారంగా ఒక పరిశీలన

ప్రవేశిక

పరిశోధక విద్యార్థినిగా ఉంటూనే ఎం.ఏ. తరగతికి ప్రబంధ సాహిత్యం బోధించే అవకాశం ఈ వ్యాసకర్తకు రెండు సెమిస్టర్లపాటు లభించింది. మొదటి వారంలోనే ఒక విద్యార్థిని లేచి, "మేడం, అసైన్‌మెంట్ ఏ దృక్పథంతో రాయమంటారు? స్త్రీవాదమా, మార్క్సిజమా, నిర్మాణవాదమా?" అని అడిగింది. అప్పటికి కావ్యం ఇంకా ఎవరి చేతికీ రాలేదు. గ్రంథాలయంలో ఉన్న ఒక్క ప్రతీ ఎవరో ఇంటికి తీసుకుపోయారు. కావ్యం లేకపోవడం ఆమెకు పెద్ద లోటుగా తోచలేదు. దృక్పథం తెలిస్తే చాలు, వ్యాసం రాయవచ్చునని ఆమె ధీమా.

ఆమెను తప్పుపట్టడానికి ఈ ప్రస్తావన తేలేదు. మన పాఠ్యప్రణాళికలో సాహిత్య విమర్శ ఒక పేపరు, ప్రాచీన సాహిత్యం మరొక పేపరు. మొదటిదానిలో సిద్ధాంతాల నిర్వచనాలుంటాయి, రెండవదానిలో కవుల కాలనిర్ణయాలుంటాయి. ఈ రెండింటినీ కలిపే పని విద్యార్థికి ఎవరూ నేర్పరు. అందువల్ల దృక్పథం అంటే చదవడానికి పనికివచ్చే సాధనమని కాక, చదవనవసరం లేకుండా చేసే సదుపాయమని అర్థం స్థిరపడింది. ఇది బోధనాపద్ధతికి సంబంధించిన సమస్యేనా, లేక దీనిలో నైతిక ప్రశ్న కూడా ఉన్నదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. ఒక కావ్యాన్ని పూర్తిగా వినకుండా దాని గుణదోషాలను నిర్ణయించే అధికారం పాఠకునికి ఉన్నదా? లేదంటే ఆ పని వల్ల అన్యాయం జరిగేది ఎవరికి? కవి ఏనాడో గతించాడు. కావ్యానికి నొప్పి తెలియదు.

ఈ ప్రశ్నకు తెలుగులో ముద్దుపళని 'రాధికాసాంత్వనం' కన్నా మంచి ఉదాహరణ ఈ వ్యాసకర్తకు కనిపించలేదు. దానిని ఎంచుకోవడానికి స్వవిషయమైన కారణం కూడా ఉన్నది. దానిని మొదట చెప్పకపోతే తక్కిన చర్చకు నిజాయితీ ఉండదు.

ఒక ఒప్పుకోలు

కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సులో ఈ కావ్యంపై పత్రం సమర్పించాను. వాదం స్పష్టంగానే ఉండింది: పద్దెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఒక గణిక స్త్రీ కోరికను స్త్రీ గొంతుతో పలికింది; పురుషాధిపత్య సంస్కర్త అయిన వీరేశలింగం ఆ గొంతును అణచివేశారు; నాగరత్నమ్మ దానిని తిరిగి లేవనెత్తింది. చప్పట్లు కొట్టారు. ప్రశ్నల సమయంలో వెనుక వరుసలోని ఒక పెద్దాయన నిదానంగా, "అమ్మా, రాధ తన బాధను మొదట చెప్పుకునేది ఏ ఆశ్వాసంలో? అంతకు ముందు కథ ఏమిటి?" అని అడిగారు. నేను సమాధానం చెప్పలేదు. చెప్పలేకపోయాను అనడం సరైనది. నా చేతిలో ఉన్నది కావ్యం గురించి ఇతరులు రాసిన నాలుగు వ్యాసాల సారం మాత్రమే. సమయం లేదని అధ్యక్షులు నన్ను గట్టెక్కించారు.

తరువాత ఆ పత్రాన్ని తిరగేసినప్పుడు మరొక సంగతి బయటపడింది. నేను తీవ్రంగా ఖండించిన వీరేశలింగానికి అంతటా 'అన్నారు', 'రాశారు' అని బహువచనం వాడాను. నేను సమర్థించిన నాగరత్నమ్మకు మాత్రం 'అంది', 'రాసింది'. ప్రాచీన కవులకు ఏకవచనం వాడటం మన సంప్రదాయం. తిమ్మన చెప్పాడు, ముద్దుపళని చెప్పింది అంటే అక్కడ తేడా లేదు. వీరేశలింగం, నాగరత్నమ్మ మాత్రం ఒకే కాలంలో జీవించి, ఒకే విషయంపై తలపడిన ఇద్దరు వ్యక్తులు. స్త్రీవాద దృక్పథాన్ని శీర్షికలో పెట్టుకున్న పత్రంలో క్రియాపదాలు తమ తీర్పు తాము చెప్పేశాయి. విమర్శకుని నిజమైన దృక్పథం అతడు ప్రకటించిన సిద్ధాంతంలో కన్నా ఇటువంటి చోట్లనే దొరుకుతుందేమో.

1910 వివాదం: ఇద్దరు పాఠకులు

వీరేశలింగంగారు 'ఆంధ్ర కవుల చరిత్రము'లో ముద్దుపళనిని ప్రస్తావించారు. ఆ ప్రస్తావనను నేను మొదటిసారి పూర్తిగా చదివింది ఆ సదస్సు ముగిసిన తరువాతనే. అందులో నిందతోపాటు మెప్పు కూడా ఉన్నది. ఆమె కవిత్వం మృదుమధురంగా ఉన్నదనీ, ఆమె సంస్కృతాంధ్ర సాహిత్యాలు తెలిసిన విదుషి అనీ ఆయన అంగీకరించారు. స్త్రీలు వినరాని, స్త్రీ నోట రాదగని శృంగార వర్ణనలు అందులో ఉన్నాయన్నది ఆయన ఆక్షేపణ. నా పత్రంలో ఆక్షేపణ ఉన్నది, అంగీకారం లేదు. నేను ఆధారపడిన వ్యాసాలలో అది లేదు గనుక నాకది లేనట్టే. ముద్దుపళనిని ఖండించిన వారు ఆమెకు ఏం చేశారో, వీరేశలింగాన్ని ఖండిస్తూ నేను ఆయనకు సరిగ్గా అదే చేశాను.

ఆయన పఠనాన్ని ఇప్పుడు ఎలా అర్థం చేసుకోవాలి? 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించి, దాని పర్యవసానాలను జీవితమంతా భరించిన మనిషి ఆయన. వేశ్యావ్యవస్థను స్త్రీల దుఃస్థితికి ఒక మూలంగా చూశారు. ఆ వ్యవస్థలో పుట్టిన కావ్యాన్ని ఆ వ్యవస్థకు అలంకారంగానే చూడటం ఆయనకు సహజం. సాహిత్యం మనుషుల నడవడిపై ప్రభావం చూపుతుందన్న నమ్మకం ఆయన పఠనానికి ఆధారం. ఆ నమ్మకాన్ని మనం వదులుకున్నామా? లేదు. స్త్రీవాద, దళితవాద విమర్శలు కూడా సాహిత్యం సమాజంపై పనిచేస్తుందన్న నమ్మకం మీదనే నిలిచాయి. కాబట్టి నీతి దృష్టితో చదవడమే వీరేశలింగంగారి లోపం అనడం తేలిక సమాధానం. దానిని ఈ వ్యాసం ఒప్పుకోదు.

లోపం ఎక్కడ ఉన్నదో చూపించినవారు బెంగళూరు నాగరత్నమ్మగారు. ఆమె చేసిన పనిని మనం సాధారణంగా 'ప్రతిఘటన' అని ఒక్క మాటలో తేల్చేస్తాం. దానిని పఠనంగా చూస్తే క్రమం మరొకలా ఉంటుంది. ఆమె మొదట చేసినది వాదం కాదు, వెతకడం. పందొమ్మిదవ శతాబ్ది చివర అచ్చయిన ప్రతి ఆమెకు దొరికింది. వ్రాతప్రతితో పోల్చి చూస్తే అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు లేవని, ముద్దుపళని తన వంశాన్ని, తాను పొందిన గౌరవాలను సగర్వంగా చెప్పుకున్న అవతారిక కూడా లేదని తెలిసింది. శృంగారం మితిమీరిందన్న కారణంతో పద్యాలు పోయాయంటే అర్థం చేసుకోవచ్చు. అవతారికలో ఏ శృంగారం ఉన్నది? ఒక స్త్రీ తనను తాను కవిగా ప్రకటించుకోవడం తప్ప! లుప్తమైన భాగాలను చేర్చి, తన పీఠికతో 1910లో వావిళ్ళ వారి ద్వారా ఆమె కావ్యాన్ని ప్రకటించారు.

ఆ పీఠికలోని ముఖ్యమైన ప్రశ్న ఇది: సిగ్గు, ఔచిత్యం అనేవి స్త్రీలకే వర్తిస్తాయా, పురుషులకు వర్తించవా? దానికి ఆమె చూపిన నిదర్శనం పదునైనది. సారంగు తమ్మయ 'వైజయంతీవిలాసం'లో విప్రనారాయణుని, దేవదేవి అనే వేశ్యను గూర్చిన కథ ఉన్నది. దానిని పరిశీలించి ముద్రణకు యోగ్యమన్నవారు స్వయంగా వీరేశలింగంగారే. ఇక్కడ నాగరత్నమ్మగారు నీతి ప్రమాణం ఉండకూడదనడం లేదు. ఉన్న ప్రమాణాన్ని ఇద్దరికీ ఒకేలా పెట్టమంటున్నారు. శృంగారం దోషమైతే తమ్మయకూ దోషమే. కాకపోతే ముద్దుపళనికీ కాదు. ప్రమాణం కవి కులాన్నీ లింగాన్నీ బట్టి మారుతున్నదంటే, పాఠకుడు కావ్యాన్ని చదవలేదు, కవిని చదివాడని అర్థం.

ఇది తర్కశాస్త్ర సూత్రంలా కనిపించినా నాకు నైతిక సూత్రంగానే తోస్తున్నది. ఇంటిలో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు చేస్తే ఒకరిని కొట్టి ఒకరిని వదిలేసే తల్లిదండ్రులను ఏమంటామో, అటువంటి విమర్శను కూడా అదే అనాలి.

ఏరి తీసిన పద్యాలు

1911లో పోలీసులు ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చే తరుణం దాకా నిషేధం కొనసాగింది. 1952లో వావిళ్ళ వారు కావ్యాన్ని మళ్ళీ ప్రచురించారు. ఈ చరిత్ర అందరికీ తెలిసినదే. దానిలోని పఠనపద్ధతిపై మాత్రం చర్చ తక్కువ. ఆనాటి బ్రిటిష్ న్యాయవ్యవస్థలో అశ్లీలతను నిర్ణయించడానికి ఆధారం 1868 నాటి హిక్లిన్ సూత్రం. గ్రంథంలోని కొన్ని భాగాలను విడిగా తీసి, సులభంగా చెడిపోగల మనస్సులపై వాటి ప్రభావం ఎలా ఉంటుందని చూడటం దాని స్వభావం. గ్రంథం మొదలు, చివర, ఆ భాగం ఎక్కడ ఎందుకు వచ్చింది అన్నవి అప్రధానం. మన సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని 2014లో అవీక్ సర్కార్ కేసు తీర్పులో పక్కన పెట్టింది. న్యాయస్థానం వదిలేసిన పఠనపద్ధతి మన పరీక్షల నోట్సులలో ఇంకా క్షేమంగానే ఉన్నది. 'స్త్రీ స్వేచ్ఛకు నిదర్శనమైన పద్యాలు' అని అయిదు, 'శృంగార వర్ణనకు ఉదాహరణలు' అని మరో అయిదు. పోలీసు ఏరినవీ మనం ఏరినవీ చాలా వరకు అవే పద్యాలు కావడం గమనార్హం. ప్రయోజనం మాత్రం వేరు.

దీనికి ప్రత్యామ్నాయం కోసం దూరం పోనక్కరలేదు. ఒక గ్రంథం తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మీమాంస సంప్రదాయం ఆరు లింగాలను చెప్పింది: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. వేదవాక్యాల కోసం పుట్టిన ఈ పద్ధతిని కావ్యానికి యథాతథంగా తగిలించడం ఉచితం కాదు. కావ్యానికి ఒకే తాత్పర్యం ఉండాలన్న నియమమూ లేదు. అయినా మొదటి లింగం విద్యార్థికి ఎంతో మేలు చేస్తుంది. గ్రంథం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రెండూ కలిపి చూడనిదే మధ్యలోని వాక్యానికి అర్థం చెప్పవద్దన్నది దాని సారం. నన్ను వెనుక వరుస నుంచి అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా! అంతకు ముందు కథ ఏమిటి?

కావ్యం చెప్పినది

అంతకు ముందు కథ ఇది. ఇళ అనే బాలికను రాధ తానే పెంచి పెద్దచేస్తుంది. ఆమెను కృష్ణునికిచ్చి పెళ్ళి చేయిస్తుంది. పెళ్ళికూతురికి భర్త దగ్గర ఎలా మెలగాలో తానే చెబుతుంది. ఆ ముగ్ధతో ఎలా మెలగాలో కృష్ణునికీ తానే చెబుతుంది. వారిద్దరినీ కలిపిన తరువాత విరహం, ఈర్ష్య ఆమెను దహిస్తాయి. కృష్ణుడు వచ్చి ఆమె అలక తీర్చడంతో, అంటే కావ్యనామంలోని సాంత్వనంతో, కథ ముగుస్తుంది.

నా సదస్సు పత్రంలో ఇళ లేదు. స్త్రీ కోరిక అన్న శీర్షిక కింద రాధ ఒక్కతే ఉన్నది. కావ్యంలో మాత్రం ఇద్దరు స్త్రీలున్నారు. ఒకరి దుఃఖానికి మరొకరి పెళ్ళి కారణం, ఆ పెళ్ళికి దుఃఖించిన ఆమే కారణం. తాను చేతులారా ఇచ్చినదాన్ని ఇచ్చాక భరించలేకపోవడం ఈ కావ్యంలోని అసలు వేదన అని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లోని సత్యభామ అలకకు ఇటువంటి మెలిక లేదు. ఆమెకు జరిగిన అవమానం బయటినుంచి వచ్చింది. పూవు రుక్మిణికి ఇచ్చినది కృష్ణుడు, సత్య కాదు. అందుకే సత్య కిరీటాన్ని తన్నగలిగింది. రాధ ఎవరిని తన్నాలి? నాయికా భేదాల పట్టికలో ఇద్దరినీ పక్కపక్క గడులలో కూర్చోబెట్టే పాఠానికి ఈ తేడా అందదు. 'గొంతు విప్పిన స్త్రీ' అనే పట్టికకు కూడా అందదు.

ఇళ విషయంలో ఆధునిక పాఠకురాలికి కలిగే ఇబ్బందిని దాచనవసరం లేదు. తన చేతులలో పెరిగిన పిల్లను రాధ తన ప్రియునికి అప్పగించే ఘట్టం నాకు మనశ్శాంతినివ్వదు. ఆస్థాన గణికల ఇళ్ళలో పెద్దవారు పిల్లలకు నేర్పే విద్య ఛాయలు అందులో ఉన్నాయా? ఉండవచ్చు. ఆ ఊహను నిరూపించే ఆధారం కావ్యంలో నాకు దొరకలేదు గనుక ఊహగానే వదిలేస్తున్నాను. వీరేశలింగంగారికి కలిగిన అసౌకర్యంలో ఏదో ఒక పాలు నాకూ కలిగిందన్నది మాత్రం సత్యం. కారణాలు వేరు. ఆయనకు స్త్రీ నోట శృంగారం పలకడం ఇబ్బంది. నాకు, పలికే స్త్రీ పక్కన మరొక స్త్రీ మౌనం ఇబ్బంది.

పూర్వపక్షం

దీనిపై మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: దృక్పథం లేని పఠనం అసంభవం. ఇళ మౌనాన్ని గమనించినది కూడా స్త్రీవాదం నేర్పిన కన్నే కదా? అవును. దీనిని పూర్తిగా అంగీకరిస్తున్నాను. ఇంకా చెప్పాలంటే, సుసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వెలువడిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంకలనం ముద్దుపళనిని విస్తృత పాఠకలోకం ముందుకు తీసుకురాకపోతే నా తరం ఈ కావ్యాన్ని వెతికేదే కాదు. ఆ రుణం చిన్నది కాదు. నా ఆక్షేపణ దృక్పథంపై కాదు, దానిని వాడిన తీరుపై. స్త్రీవాదం నాకు ఒక ప్రశ్న ఇచ్చింది: ఇక్కడ ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మాట్లాడటం లేదు? నేను దానిని జవాబుగా మార్చేసి కావ్యం మీద అతికించాను. ప్రశ్నగా వాడినప్పుడు కావ్యం ఎదురు చెప్పగలదు. జవాబుగా వాడినప్పుడు చెప్పలేదు. ఏ పద్ధతినైనా చేపట్టేముందు విద్యార్థి తనను తాను అడుగుకోవలసినది ఒక్కటే: ఈ కావ్యంలో ఏది కనిపిస్తే నా వాదం తప్పని ఒప్పుకుంటాను? ఏది కనిపించినా ఒప్పుకోనవసరం లేదని తేలితే ఇక కావ్యంతో పనేమున్నది?

రెండవది: సహృదయత శిక్షణ లేకుండా రాదు. అభినవగుప్తుడు సహృదయుని గురించి చెప్పినప్పుడు నిరంతర కావ్యపరిశీలనతో అద్దంలా నిర్మలమైన మనస్సును అర్హతగా పెట్టాడు. ఏమీ తెలియని విద్యార్థిని నేరుగా కావ్యంలోకి తోస్తే ఏం దక్కుతుంది? ఈ మాటలో బలం ఉన్నది. అయితే ఆ నిర్మలత్వం కావ్యాలు చదవడం వల్ల వస్తుందన్నాడు గాని కావ్యాల గురించి చదవడం వల్ల వస్తుందనలేదు.

మూడవది సామాన్యమైనది, నాకు అన్నిటికన్నా కష్టమైనది: సమయం లేదు. సెమిస్టరుకు అయిదారు పేపర్లు, హాస్టలు గది, సాయంత్రం ఏదో ఒక ఉద్యోగం. నాలుగు ఆశ్వాసాల ప్రబంధాన్ని పదచ్ఛేదం చేసుకుంటూ చదవమంటే ఎలా? దీనికి నా వద్ద పూర్తి సమాధానం లేదు. చదివినంత మేరకే తీర్పు చెప్పాలి, చదవనిదాన్ని చదవలేదని రాయాలి అన్నంత వరకు చెప్పగలను. 'ఈ వ్యాసం మొదటి ఆశ్వాసానికి పరిమితం' అని ఒక్క వాక్యం రాయడానికి సమయం పట్టదు. కొంచెం ధైర్యం పడుతుంది, ఎందుకంటే ఆ వాక్యానికి మార్కులు రావు.

తరగతిలో

కేంబ్రిడ్జిలో ఐ.ఎ. రిచర్డ్స్ విద్యార్థులకు కవుల పేర్లు తీసేసి కవితలిచ్చి వ్యాఖ్యానించమన్నాడు. 1929 నాటి 'ప్రాక్టికల్ క్రిటిసిజమ్' ఆ ప్రయోగ ఫలితం. మా తరగతిలో అదే చేసి చూశాను. ముద్దుపళని పద్యాలు కొన్ని, మగకవుల ప్రబంధాల నుంచి శృంగార పద్యాలు కొన్ని, పేర్లు లేకుండా ఇచ్చాను. కొందరు మగకవి పద్యాన్ని చూపి ఇది స్త్రీ మాత్రమే రాయగలదన్నారు. నవ్వుకున్నాం. అయితే ఆ ప్రయోగం నన్ను పూర్తిగా తృప్తిపరచలేదు. పేరు తీసేస్తే పక్షపాతం పోతుంది, నిజమే. దానితోపాటు మొదటి అచ్చుప్రతిలో అవతారిక పోయినట్టు ముద్దుపళని కూడా పోతుంది. ఎవరు చెప్పారన్నది తెలియకుండా చదవడం ఒక దశ వరకే న్యాయం. ఆ తరువాత తెలుసుకోవడమే న్యాయం. ఏ దశలో తెలుసుకోవాలన్నది ఒక్కో కావ్యానికి ఒక్కోలా ఉంటుందని అనుకుంటున్నాను.

మొదటి వారంలో దృక్పథం అడిగిన విద్యార్థిని చివరికి ఏ వాదమూ పెట్టుకోకుండా అసైన్‌మెంట్ రాసింది. తాను చదివినంత మేరలో ఇళ కనిపించే ఘట్టాలన్నిటినీ వరుసగా పెట్టి, ప్రతి చోటా ఆమె మాట్లాడిందా, ఆమె గురించి ఇతరులు మాట్లాడారా అని గుర్తించింది. రెండు చోట్ల పద్యాన్ని తప్పుగా అన్వయించుకుంది. ఇళకు రాధపై కోపం లేకపోవడమే కావ్యంలోని పెద్ద లోపమని తేల్చింది. ఆ నిర్ణయంతో నేను ఏకీభవించలేదు. ఆ కాగితాలు మాత్రం రెండుసార్లు చదివాను. రెండవసారి కావ్యం పక్కన పెట్టుకుని చదవవలసి వచ్చింది.

మూల్యాంకన పత్రంలో 'సైద్ధాంతిక దృక్పథం' అని ఒక గడి ఉంటుంది, దానికి అయిదు మార్కులు. అందులో మూడు వేశాను. ఎందుకు మూడే అని ఆమె అడిగితే చెప్పడానికి ఇప్పటికీ నా దగ్గర కారణం లేదు.